గూడెం బస్సులో వెదురు ముక్కలు

"ఏంటండీ ఇది, చెరుకా?" అన్నాడు కండక్టర్, నా కాళ్ల దగ్గరున్న గోనెసంచి వంక చూస్తూ.

"కాదండీ, వెదురు."

"ఇంతింత ముక్కలా? పొయ్యిలోకా?"

"నాటడానికండీ."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, టికెట్ చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయాడు. లగేజీ మాత్రం కొట్టలేదు. జాలిపడి ఉంటాడు.

నిడమర్రు, గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం వచ్చే బస్సు అది. కిటికీకి అటూ ఇటూ చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు, మధ్యమధ్య కోతకొచ్చిన వరి. నా సంచిలో తడిగుడ్డలో చుట్టిన 40 వెదురు ముక్కలు. కార్తీకమాసం, చల్లగా ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగానికి నాలుగు రోజులు సెలవు పెట్టి మరీ చేస్తున్న ఘనకార్యం ఇది.

ఆ నలభైలో ఒక్కటి కూడా బతకలేదు. ముందే చెప్పేస్తున్నా, సస్పెన్స్ ఎందుకు?

అసలు ఆ వెదురు ఎవరిదో చెప్పాలి కదా. మా అమ్మమ్మది. ఊరు కొల్లేటి అంచున ఉంటుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి ఆ గాలికి వాళ్ల తాటాకు ఇంటి పైకప్పు లేచిపోయిందట. తర్వాతి ఏడాది తాతయ్య ఎక్కడినుంచో వెదురు దుంప తెచ్చి పెరటి వెనక, గాలి వచ్చే వైపు పాతాడు. ముళ్ల వెదురు. పొదలోకి కోడి కూడా దూరదు. గాలికి అడ్డు, దొంగకి అడ్డు, పాముకి మాత్రం ఇల్లు.

తాతయ్యకి అదే పనిముట్ల కొట్టు కూడా. పడవ తొయ్యడానికి గెడ అందులోంచే. చేపలు పట్టే ఊతలు, మావులు అల్లడానికి బద్దలు అందులోంచే. అమ్మమ్మ ధాన్యం గంప, కోళ్లగంప, పందిరి రాట, మా చిన్నప్పటి ఉయ్యాల దూలం, అన్నీ ఆ పొద పిల్లలే. తర్వాత నైలాన్ వలలొచ్చాయి, చేపల చెరువులొచ్చాయి, 2006లో ఆపరేషన్ కొల్లేరని చెరువుగట్లు కొట్టేశారు, తాతయ్య పోయాడు. పొద మాత్రం ఉంది.

పోయినేడు మావయ్య ఆ పెరట్లో ఇల్లు కడతానన్నాడు. కూతురి పెళ్లి ఉంది, ఉన్న ఇల్లు చాలదు. ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు. దాళ్వా కోతలయ్యాక, చేల మీదుగా జేసీబీ రావడానికి దారి దొరకగానే పొద తీయించేస్తానన్నాడు. అమ్మమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నాతో మాత్రం అంది: "గూడెంలో మీ నాన్న స్థలం ఖాళీగానే ఉందిగదరా. ఓ పిలక పెట్టకూడదూ?"

ఆవిడ అడిగింది పిలక. అంటే పొద అంచున దుంపతో సహా తవ్వి తీసేది. దానికి గునపం కావాలి, ముళ్లు కొట్టాలి, ఇద్దరు మనుషులు పూటంతా పడాలి. నా దగ్గర ఫోన్ ఉంది. ఫోన్‌లో వీడియో ఉంది. కొమ్మ కత్తిరించి, కొసని తెల్లటి పౌడర్‌లో ముంచి గుచ్చేస్తే నెలలో వేళ్లు! రూటింగ్ హార్మోన్ అంటారు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశా. చిన్న డబ్బా.

నాన్న స్థలం పక్కనే మా మేడ. మేడ మీద షేడ్‌నెట్ కట్టి, 40 సంచుల్లో కోకోపిట్ నింపి, ముక్కల్ని పౌడర్‌లో దట్టంగా ముంచి నిలువుగా గుచ్చాను. కొంచెం ఎక్కువైతే ఇంకా మంచిదే కదా అనుకుని రెండోసారి కూడా అద్దాను. రోజూ నీళ్లు పోసే డ్యూటీ అమ్మది. పద్దెనిమిదో రోజుకి వీడియో కాల్‌లో చూపించింది: ముప్పైకి పైగా ముక్కల మీద లేత ఆకులు! స్టేటస్ పెట్టా. లైకులు. "నర్సరీ ఓనర్ గారూ" అని ఫ్రెండ్స్ వెక్కిరింపులు.

సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి అన్నీ ఎండిపోయాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే నీళ్లలోంచి పుల్ల లాగినట్టు వచ్చేసింది. ఒక్క వేరు లేదు. పాతిన రోజు ఎలా ఉందో కింది కొస అలాగే ఉంది, కాస్త నల్లబడిందంతే.

మా ఊరి సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. తాడేపల్లిగూడెం అనగానే అందరికీ ఉల్లిపాయల మార్కెట్ గుర్తొస్తుంది. కాస్త తెలిసినవాళ్లయితే రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే గురించి అడుగుతారు, ఈ మధ్య నిట్ గురించి అడుగుతారు. నాకు మాత్రం గూడెం అంటే ఒక అతుకు. దక్షిణానికి వెళ్తే నల్లరేగడి, కాలువలు, వరి, చెరువులు, చివరికి కొల్లేరు. ఉత్తరానికి పది కిలోమీటర్లు వెళ్తే ఎర్రమట్టి, జీడిమామిడి, పామాయిల్, కొబ్బరిలో కోకో. ఆ మెట్ట వైపునే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, 2007లో పెట్టారు. ఆ రోడ్డు మీద, హైవే పక్కన, చిన్నచిన్న నర్సరీలు కనిపిస్తాయి. కడియం అంత హంగామా ఉండదు. కానీ కడియంలో పని నేర్చుకుని వచ్చినవాళ్లు వీటిలో ఉంటారు.

అలాంటి ఒక నర్సరీకి నా ఎండిన ముక్కల్లో మూడు పట్టుకుని వెళ్లా. ఓనర్‌కి అరవై ఉంటాయి. లుంగీ, భుజాన తువ్వాలు. గులాబీ అంట్లకి ప్లాస్టిక్ చుడుతున్నారు.

"బాబాయ్ గారూ, ఇవి ఆకులేసి చచ్చిపోయాయండీ."

ఆయన ముక్క తీసుకుని వాసన చూశారు. కణుపు దగ్గర గోటితో గీశారు. "ఆకు చూసి మోసపోయావా అబ్బాయ్?"

"అంటే అండీ?"

"ఆకు నీ మందుకి రాలేదు. గెడలో దాచుకున్న తిండితో వచ్చింది. ఆ తిండైపోయేలోగా వేరు రావాలి. వేరొచ్చినా సరిపోదు, కింద దుంప కట్టాలి. దుంప కట్టందే వెదురు బతకదు. నువ్వు మొదటి మెట్టు చూసి మేడెక్కేశాననుకున్నావ్."

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి చెబుతా. మీలో ఎవరైనా మేడ మీద ప్రయోగం మొదలుపెట్టబోతుంటే పనికొస్తుంది.

ఈ రూటింగ్ మందుల్లో ఉండేవి ఆక్సిన్లు. ఐబీఏ, ఎన్ఏఏ అని డబ్బా మీద చూస్తాం కదా, అవే. తమాషా ఏంటంటే వీటి కథ మొదలైంది గడ్డితోనే. 1880లో డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకలు వెలుతురు వైపు ఎందుకు వంగుతాయో పరీక్షించారు. కొసలో ఏదో ఉంది, అది కిందికి కబురు పంపుతోంది అన్నారు. ఆ 'ఏదో' సంగతి 1928కల్లా తేల్చింది నెదర్లాండ్స్‌కి చెందిన ఫ్రిట్స్ వెంట్, ఓట్స్ మొలకల మీద. వెదురు కూడా గడ్డి జాతే. 2017లో కేంద్రం అటవీ చట్టంలో చెట్టు నిర్వచనంలోంచి వెదురుని తీసేసింది కూడా. అంతవరకూ చట్టం ప్రకారం అది చెట్టు! కానీ గులాబీలా, మందారంలా వెదురు కాండం ఏటా లావెక్కదు. నేలలోంచి ఎంత లావున లేస్తే చచ్చేదాకా అంతే లావు. లావెక్కించే పొర దానికి లేదు. అందుకే కొమ్మ కోసిన చోట వేరు పుట్టించడం గులాబీలో అయినట్టు ఇందులో కాదు. కణుపు దగ్గర, కొమ్మ మొదట్లో వేరు మొగ్గలుంటాయి. వేళ్లు అక్కణ్నుంచే రావాలి. నేనేమో కణుపుల మధ్య కోసి, కోసిన కొసకి పౌడర్ పులిమాను. మందు ఒకచోట, పని ఇంకోచోట.

ఇంకోటి. "ఎక్కువైతే మంచిదే" అనుకున్నానా? మన వరిచేలల్లో వెడల్పాకు కలుపు చావడానికి కొట్టే 2,4-డి కూడా ఈ ఆక్సిన్ల కుటుంబమే. మోతాదు తప్పితే మందే విషం. నేను రెండుసార్లు అద్దానని చెబితే బాబాయ్ గారు ఏమీ అనలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"ఇంతకీ ఎప్పుడు కొట్టావ్?"

"కార్తీకంలో అండీ."

"సరిపోయింది. మేదరాయన్ని అడుగు, కార్తీకంలో వెదురు ఎందుకు కొడతారో."

అడిగాను. మర్నాడు గూడెంలోనే, రోడ్డు వారన చేటలు, గంపలు పేర్చుకుని బద్దలు చీరుతున్న పెద్దాయన్ని. కత్తి కదులుతుంటే బద్ద దారంలా లేస్తోంది. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు.

"వానలెళ్లాక కొట్టిన గెడకి పురుగు పట్టదండి. ఎండాకాలం కొట్టింది తీపి. పురుగు దొలిచి పిండి రాల్చేస్తది. గంప ఏడాది కూడా ఉండదు."

ఇదన్నమాట సంగతి! వానాకాలంలో పొద కొత్త పిలకల్ని ఎత్తుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా వాటికే పోస్తుంది. వానలయ్యాక గెడలు ఖాళీ. పురుగుకి తినడానికేం ఉండదు, అందుకే గంపకి అది మంచి కాలం. నా ముక్కలకీ తినడానికేం లేదు, అందుకే నాకు అది చెడ్డ కాలం. మళ్లీ మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి పొద రాబోయే వానల కోసం తిండి దాచుకుని ఉంటుంది. కటింగులకి ఆ రోజులే కావాలి.

పెద్దాయన వయసు చూడటం కూడా నేర్పాడు. ఏడాది లోపు గెడ మీద తెల్లటి బూడిద, కణుపుల దగ్గర ఎండిన పొరలు ఉంటాయి. రెండో ఏడు నిగనిగలాడే పచ్చ. ఆ పైన మచ్చలు పడతాయి, తడితే మోత మారుతుంది. "లేతది వంగుద్ది గానీ నిలబడదు, ముదురుది నిలబడుద్ది గానీ వంగదు" అన్నాడు. కటింగుకి ఒకటి రెండేళ్ల గెడ కావాలట. నేను కార్తీకంలో తెచ్చినవి ఏవో తెలుసా? అందుబాటులో ఉన్న పక్క కొమ్మలు. ముళ్లకి భయపడి.

మార్చిలో మళ్లీ వెళ్లా. ఈసారి ఇద్దరు కూలీలతో, పొడుగు కత్తితో. రెండో ఏడు గెడలు నాలుగు దింపించాం. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని "అది కాదు, ఆ పక్కది" అంటూ చూపించింది. కొమ్మ మొగ్గలు దెబ్బతినకుండా చూసుకుంటూ, ఒక్కో ముక్కకి రెండు కణుపులు, చివర్లలో కొంచెం కొంచెం వదిలి 30 ముక్కలు చేశాం. ఈసారి బస్సు కాదు, ఆటో ట్రాలీ. కండక్టర్‌ని తప్పించుకున్నా.

బాబాయ్ గారు వాడే పద్ధతి కేరళది. పీచిలో ఉన్న కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు 1980లలో ముళ్ల వెదురు మీదే దీన్ని బాగా పరీక్షించారు. పౌడర్ లేదు, ముంచడం లేదు. రెండు కణుపుల మధ్య వెదురు బొర్రగా ఉంటుంది కదా, అక్కడ రెండు సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పున చిన్న కన్నం చేసి, లోపలికి 100 మిల్లీలీటర్ల మందునీళ్లు పోసి, కన్నం మీద పాలిథీన్ పట్టీ చుట్టెయ్యడం. గెడే సీసా అన్నమాట! మందు లోపలి నుంచి రెండు కణుపులకీ అందుతుంది.

మోతాదు లీటరు నీళ్లకి 100 మిల్లీగ్రాముల ఎన్ఏఏ. అంటే ఒక్క గ్రాము పది లీటర్లకి వస్తుంది, పది లీటర్లు వంద ముక్కలకి వస్తాయి. నా 30 ముక్కలకి కావాల్సింది గ్రాములో మూడోవంతు కన్నా తక్కువ! నీళ్లలో తేలిగ్గా కరగదు కాబట్టి ముందు కాస్త స్పిరిట్‌లో కరిగించి తర్వాత నీళ్లలో కలపాలి. గ్లవ్స్ వేసుకోవాలి. గట్టి వెదురుకి ఈ ఉపాయం పనికిరాదు, దాని లోపల బొర్ర ఉండదుగా, పొయ్యడానికి చోటేది? ఇక మన ఇళ్ల ముందు పెంచే పచ్చచారల పసుపు వెదురైతే ఏ మందూ లేకుండానే వేళ్లేస్తుంది. దాన్ని చూసి అన్ని వెదుర్లూ ఇంతే అనుకుంటారని బాబాయ్ గారి కంప్లయింటు.

ఇసక కలిపిన మట్టి మడిలో ముక్కల్ని అడ్డంగా పడుకోబెట్టాం, కన్నం పైకి ఉండేలా. చెరుకు ముచ్చెలు పాతినట్టే. పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టి, దాని పైన నీడకి కొబ్బరాకులు. పొద్దునా సాయంత్రం నీళ్లు. కండక్టర్ చెరుకా అని అడిగింది మరీ తప్పేం కాదనిపించింది.

ఆకులు మళ్లీ వచ్చాయి, 60 కణుపుల్లో 41 చోట్ల. ఈసారి ఫొటో కూడా తీయలేదు.

మే నెలలో, ఎండలు మండుతుంటే, ఆ ఆకుల్లో సగం పోయాయి. నేను ఫోన్‌లో అడిగితే బాబాయ్ గారు "పోయేవి పోతాయి, తవ్వి చూడకు" అన్నారు. జూన్‌లో మెల్లగా మట్టి తీసి చూస్తే 19 కణుపులకి వేళ్లున్నాయి. తెల్లగా, గడ్డివేళ్లలాగా. వాటిని మధ్యకి కోసి విడదీసి సంచుల్లోకి మార్చాం.

ఈలోగా ఏప్రిల్ చివర్లోనే జేసీబీ వచ్చేసింది. నేను వెళ్లలేదు. వీడియో పంపమని కూడా అడగలేదు. గంటన్నరలో అయిపోయిందట. తర్వాత తెలిసిందేంటంటే, బకెట్‌లోంచి పడిన ఒక దుంప గడ్డని, నాలుగు పొట్టి గెడలతో సహా, మావయ్యే ట్రాక్టర్‌లో వేయించి గూడెం పంపించాడు. ఎవరూ అడగలేదు ఆయన్ని. నాన్న దాన్ని స్థలం మూల గొయ్యి తీసి పడేసి, కాలువ మట్టి కప్పి, నీళ్లు పెట్టాడు. ఏ హార్మోనూ లేదు, ఏ పీపీఎమ్మూ లేదు. జూలై వానలకి మూడు పిలకలు లేచాయి. నా 19 సంచుల కన్నా అదే ముందుంది! అమ్మమ్మ మొదట అడిగింది అదే కదా.

మరి కటింగులు ఎందుకు అంటే, నర్సరీకి లెక్క వేరు. ఒక పొదని నాశనం చెయ్యకుండా ఎన్ని దుంపలు తవ్వగలం? ఒక గెడ నుంచి మాత్రం ముక్కలు చాలా వస్తాయి. అందుకే ఈ మందుల గోలంతా.

అయితే బాబాయ్ గారు మార్చిలోనే ఒక మాటన్నారు. కన్నాలు చేస్తూ, తల ఎత్తకుండా. "ఈ పొద వయసెంత అబ్బాయ్?"

"తాతయ్య వేసి 45 ఏళ్లు దాటిందండీ."

"ఆయన తెచ్చిన దుంప వయసు?"

నాకేం తెలుసు? ఎవరికీ తెలీదు.

వెదురు పువ్వు గురించి మీరు వినే ఉంటారు. ముళ్ల వెదురు సుమారు 40, 50 ఏళ్లకి, కొన్నిచోట్ల ఇంకా ముందే, ఒక్కసారి పూస్తుంది. వరికంకుల్లాంటి పూలు, తర్వాత బియ్యంలాంటి గింజలు, తర్వాత పొదంతా చావు. మిజోరాంలో 1959లో, మళ్లీ 2007లో అక్కడి వెదురు కొండలకి కొండలే పూస్తే, ఆ గింజలు తిని ఎలుకలు పెరిగిపోయి పంటలమీద పడ్డాయి. కటింగు అంటే కొత్త మొక్క కాదు, అదే పొద ఇంకోచోట. దాని గడియారం కూడా దాంతోనే వస్తుంది. వేరు పుట్టించే మందుంది గానీ ఆ గడియారాన్ని వెనక్కి తిప్పే మందు నర్సరీలో దొరకదు. తిప్పగలిగేది గింజ ఒక్కటే, గింజ కావాలంటే పొద పూసి చావాలి.

అమ్మమ్మకి ఈ మాట చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించా. చివరికి చెప్పేశా. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. "పూస్తే ఆ బియ్యం పారెయ్యకు, నాలుగు నాటు" అంది. "ఒక గుప్పెడు నాకూ పంపు. వండుకుని చూస్తా ఎలా ఉంటాయో."

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి మొదటి ప్రశ్న అదే: "పువ్వేమైనా కనబడిందట్రా?" ఇంకా లేదు అమ్మమ్మా అంటా.

పంతొమ్మిది సంచుల్లో ఇవాళ్టికి నిలిచినవి పదకొండు. పోయిన శనివారం గూడెం వచ్చి ఒక్కోటీ కదిపి చూశా. పదింటికి అప్పటికే దుంప కట్టి కొత్త పిలకలున్నాయి. పదకొండో దానికి మట్టి పగిలి ఉంది. వేలితో కాస్త తీస్తే కింద పిలక మొన, నా చిటికెనవేలంత, ఊదారంగులో. మా మేడ మీద ఎండలో అలా కాసేపు కూర్చుండిపోయా. తర్వాత మట్టి మళ్లీ కప్పేసి, అమ్మని పిలిచి చూపించి, హైదరాబాద్ బస్సు టైమవుతోందని కిందికి దిగా.